మీటరు చెప్పిన సగం

ఆ ఎండాకాలం రాజనర్సయ్యకు ఒక్కటే జబ్బు. ఎవరు ఇంటికొచ్చినా మంచినీళ్లయినా ఇవ్వకముందే పెరట్లో రేకుల షెడ్డులోకి లాక్కెళ్లి, ఇనుమును తిప్పి చెక్కే లేత్ మిషను చూపించేవాడు. అది ముసలి మిషనే. సనత్‌నగర్‌లో ఆయన పనిచేసే ఫ్యాక్టరీ తీసిపారేస్తుంటే అమీర్‌పేటకు బండి మీద తెచ్చుకున్నాడు. ఆరు నెలల ఆదివారాలు ధారపోసి, పాత బెల్టూ పుల్లీ పీకేసి, గుండీ తిప్పితే వేగం మారే కొత్త మోటారు బిగించాడు. పైన ఎర్రంకెల మీటరు పెట్టాడు. కోసే టూలు వెంట్రుకంత జరిగినా అది చూపిస్తుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఆయన భార్య మంగవ్వ అననే అంది.

ఒక ఆదివారం పొద్దున్నే హాషం వచ్చాడు. పంజాగుట్ట చౌరస్తాలో చెరుకు రసం బండి అతనిది. ముందురోజు చెరుకు నలిపే రోలరు షాఫ్టు, అంటే దాని ఇరుసు, విరిగింది.

"రంజాన్ అన్న. శాం కల్లా కావాలె. రోజా ఇడిచేటోళ్లు నా బండి కాడికే వస్తరు. దుకాన్లన్ని బంద్. కొత్తది చేసేటందుకు ఉన్నది గీ ఒక్క రాడే."

"ఫికర్ చెయ్యకు భాయ్. ఇగ చేతి కొలత బంద్. మీటరే చెప్తది."

రాడు మందం ముప్పై ఆరు మిల్లీమీటర్లు. బేరింగులో పట్టాలంటే ముప్పై రెండు కావాలి, అంటే నాలుగు తియ్యాలి.

"గా కాలిపర్స్ తోని ఒక్కపారి కొల్వరాదు?" అంది మంగవ్వ.

"దాన్ని పెట్టెల పెట్టు. అది ముసలోళ్లది," అన్నాడు యాభై నాలుగేళ్ల రాజనర్సయ్య.

మీటరు మీద సరిగ్గా నాలుగు పడగానే ఆపి, బేరింగు తొడిగాడు. అది వదులు గాజులా రాడు మీద గలగలా ఆడింది.

మీటరు అబద్ధం చెప్పలేదు. టూలు నాలుగే జరిగింది. కానీ రాడు గుండ్రంగా తిరుగుతుంది కదా, టూలు ఒకటి జరిగితే మందంలో రెండు పోతాయి. మొత్తం ఎనిమిది పోయి, ఇరవై ఎనిమిదే మిగిలింది. పాత హ్యాండిల్ మీది గీతలు ఆ లెక్క తామే చూసుకునేవి. ముప్పై ఏళ్లుగా అప్రెంటిస్‌లకు మొదటిరోజే ఆయన చెప్పే పాఠం ఇది. అది మరిచిపోయిన మొదటి అప్రెంటిసు తానే అయ్యాడు.

"ఏమైందన్న?"

"ఏం కాలే. ఇంక దీనికి తొడుగు ఎక్కాలె. కొత్త పద్ధతి."

హాషం నమ్మి వెళ్లిపోయాడు. అలా నమ్మడమే రాజనర్సయ్యకు చెంపదెబ్బలా తగిలింది. సిగ్గుతో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మంగవ్వ కాలిపర్స్ తెచ్చి ముందు పెట్టింది. పక్కనే, పాత సామాన్లోంచి తీసిన ఇనప పుల్లీ పెట్టింది.

ఎర్రంకెల మీద తువ్వాలు కప్పేశాడు. పుల్లీ మధ్య భాగాన్ని కోసి, అడుగడుక్కీ కాలిపర్స్‌తో కొలుచుకుంటూ రెండు మిల్లీమీటర్లకు కాస్త పైన మందంతో తొడుగు తీశాడు. దాన్ని మంగవ్వ కిరసనాయిలు స్టవ్వు మీద ఎర్రగా కాల్చి రాడు మీదకు జార్చాడు. చల్లారేసరికి కరుచుకుపోయింది. ఒక్కసారి పైపైన గీకి బేరింగు తొడిగితే బిగుతుగా కూర్చుంది.

సాయంత్రం పంజాగుట్టకు వెళ్లి రాజనర్సయ్య షాఫ్టు బిగించాక బండి తిరిగింది. చెరుకు గడలు కరకరా నలిగాయి. రోజా విడిచే సైరను మోగింది. ఖర్జూరం నోట్లో వేసుకుని హాషం చుట్టూ ఉన్నవాళ్లకు గొప్పగా చెబుతున్నాడు.

"మా అన్న కాడ కంప్యూటర్ లేత్ ఉంది! ఎంట్రుకంత ఫరక్ రాదు!"

చుట్టూ అందరూ రాజనర్సయ్యను చూశారు. ఊరుకుంటే పోయేది. ఊరుకోలేకపోయాడు.

"మీటర్ల నాలుగు చూసి ఎనిమిది తీసిన భాయ్. నీ రాడు ఖరాబ్ చేసిన. తొడుగు కొత్త పద్ధతి కాదు, నా తప్పు మీద అతుకు. పొద్దున అబద్ధం చెప్పిన."

హాషం రోలరు ఆపాడు. కిందకు వంగి షాఫ్టును వేలితో తడిమాడు. మళ్లీ తిప్పి రసం పట్టాడు.

"ఒక్క గ్లాసు చాలు," అన్నాడు రాజనర్సయ్య తల ఎత్తకుండా.

హాషం నిండుగా రెండు గ్లాసులు తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"గివి రెండైనా నీ మీటరు లెక్కల ఒక్కటే అన్న. తాగు."