లైట్ స్టాండ్

నా చెయ్యి వణుకుతోందని ఫిల్మ్ నగర్‌లో ఎవడు పుట్టించాడో గానీ, వాడి నోట్లో మన్ను పడ! యాభై ఆరేళ్లొస్తే స్టిల్ ఫొటోగ్రాఫర్ చెయ్యి వణకాలని రూలుందా? సినిమా కంపెనీ మేనేజర్ చలపతిరావు మొహమాటపడుతూనే అసలు సంగతి బయటపెట్టాడు.

“నల్లమలలో జలపాతం ఉందిటండీ సుందర్ రాజు గారూ. జీపు కొండ కిందిదాకానే. పైకి నాలుగు గంటల నడక, సామాను మీరే మోసుకోవాలి. పెద్ద నెగెటివ్ మీద తీసుకురండి. బొమ్మ అదరకుండా వస్తే సినిమా మొత్తానికి స్టిల్స్ మీవే. లేదంటే వేరే ఆయన్ని పెట్టమంటున్నారు డైరెక్టర్ గారు.”

పెద్ద నెగెటివ్ తీసే నా వన్‌ట్వంటీ కెమెరా ఒక్కటే రెండు కిలోలు. నొక్కగానే లోపలి అద్దం లేచి ఠప్పున అదురుతుంది. అడవి వెలుతురులో జలపాతం తీయాలంటే సెకను పాటు కదలకూడదు. మూడు కాళ్ల కెమెరా స్టాండ్ లేనిదే కుదరదు.

సామాన్ల స్టోరులో పొద్దంతా కూర్చున్నాను. టేకు స్టాండ్ గట్టిదే, కానీ ఎనిమిది కిలోలు. దాన్ని నేను మోస్తే నన్ను మోయడానికి నలుగురు కావాలి. సన్నపు అల్యూమినియంది ఊదితే ఊగింది. మూడోది నచ్చింది. మూడు కిలోల లోపే. నడిమి కొక్కేనికి సంచి తగిలిస్తే కెమెరా ఠప్పుమన్నా చలించలేదు.

“గిదే తీస్కపో సార్, గుట్టలెక్కనీకి మంచిగుంటది,” అన్నాడు స్టోర్ కీపర్ కొమురయ్య.

కానీ ఆఫీసు చీటీ లేనిదే స్టోరులోంచి సామాను కదలదు. చీటీ నేనే రాశాను. ఉత్త ‘స్టాండ్’ అంటే ఆ టేకు దుంగను పంపుతారని ముందు ఒక మాట చేర్చాను: ‘లైట్ స్టాండ్, ఒకటి’. నా అతి తెలివి తగలెయ్య! చీటీ చేరిన పూట కొమురయ్య సెలవులో ఉన్నాడని నాకు తెలియదు.

పొద్దున్నే వ్యాన్‌లో గుడ్డసంచి వచ్చింది. ఎత్తితే హాయిగా ఉంది. జీపు డ్రైవర్ హారన్ మోగిస్తుంటే విప్పి చూడలేదు.

కొండమీద విప్పాను. లైట్లు పెట్టుకునే స్టాండ్! పైన కెమెరా బిగించే స్క్రూనే లేదు. తువ్వాలుతో కట్టాను, జారింది. బండమీద పెట్టాను, తుంపర లెన్సును ముంచేసింది. మబ్బు కమ్ముకొస్తోంది. దిగడానికి నాలుగు గంటలు, మళ్లీ ఎక్కడానికి నాలుగు గంటలు. ఏం చెయ్యను? ఏడుపొచ్చింది. ఊపిరి బిగబట్టి పన్నెండు ఫ్రేములూ చేత్తోనే తీశాను.

ఆఫీసులో ప్రింట్లు బల్లమీద పరిచారు. ఒక్కటీ అదరకుండా రాలేదు.

“స్టాండ్ మారిందయ్యా,” అన్నాను.

చలపతిరావు ఫైల్లోంచి చీటీ తీశాడు. “మీరు రాసిందే పంపారు కదండీ?”

“తేలికైనదని నా ఉద్దేశం!”

“మన దగ్గర లైట్ స్టాండ్ అంటే లైట్లదేగా.” ప్రింట్లను మెల్లగా దొంతర పెట్టాడు. “పోనీలెండి. వయసు అందరికీ వచ్చేదే.”

ఆ జాలి నేను భరించలేకపోయాను. “వయసు కాదయ్యా, ఇదిగో చూడు!” అంటూ చెయ్యి చాచాను.

కోపానికో, అవమానానికో, అది గజగజ వణికింది. చలపతిరావు చూడనట్టు తల తిప్పుకున్నాడు.