ఆరింటి సెషన్

ఆ వారమంతా కోడలికి కాలు ఒకచోట నిలవలేదు. తను పనిచేసే కళ్ళద్దాల షాపులో ఒకరి ఫ్రేమును ఇంకొకరి ముక్కుకు తగిలించింది. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. ఏళ్ళ తరబడి ఆ తెరలోనే పాస్టరు చదువు చదివింది. పీజీ పట్టా చేతికొచ్చే వేళయింది. అయితే ప్రెస్బిటేరియన్ చర్చిలో పట్టా ఒక్కటే చాలదు. సొంత సంఘం పెద్దలు కూర్చుని, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "మాకు సమ్మతమే" అనాలి. అప్పుడుగానీ పైనున్న ప్రెస్బిటరీ, అంటే ఆ ప్రాంతపు చర్చిలన్నిటి సభ, పాస్టరు పనికి ఆమె పేరు తీసుకోదు. వాళ్ళు పేర్లు తీసుకునేది ఏడాదికొక్కసారి. అదీ వచ్చే వారమే.

ఆ పెద్దల్లో ఆమె మామగారూ ఒకరు. సంఘమంతా ఆయన్ని టూకీ పెద్ద అంటుంది. "ప్రభువా, నీకు తెలుసు, ఆమేన్." ఇదీ ఆయన ప్రార్థన. మిగతావాళ్ళు కళ్ళు మూసుకునేలోపే అయిపోతుంది. కోడలి చదువు గురించి ఇన్నేళ్ళలో ఆయన అన్నది ఒకే మాట: "కంప్యూటర్లో పాస్టర్లవుతారా?" అది ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

అలాంటి మనిషి గురువారం పొద్దున చెప్పులేసుకుంటూ, "అమ్మాయ్, సాయంత్రం ఆరింటికి సెషన్. గుర్తుందిగా?" అన్నారు.

"గుర్తుంది మామయ్యా," అంది. కళ్ళు చెమర్చాయి. ఆమె ఆన్‌లైన్ క్లాసుల్నీ సెషన్లనే అంటారు, ఆ సాయంత్రం ఆరింటికే ఒకటుంది. నా క్లాసు వేళ గుర్తుపెట్టుకున్నారే అని మురిసిపోయింది. సంఘం పెద్దలు కూర్చునే సభని చర్చిలో అందరూ పెద్దల మీటింగు అంటారు. పాతకాలం మనిషి కాబట్టి ఆయనొక్కరే సెషన్ అంటారు. ఆ మీటింగు ఎప్పుడూ ఆదివారమే. ఈసారి గురువారానికి మార్చామని చర్చిలో చెప్పినప్పుడు మన కాబోయే పాస్టరమ్మగారు ఫోన్లో పాఠం చదువుకుంటోంది!

ఆరింటికి ఫోను కట్టేసి తెర ముందు కూర్చుంది. ఆ రోజు సంఘ పరిపాలన మీద పునశ్చరణ. ప్రొఫెసరుగారు నవ్వుతూ, "సెషనంటే మన క్లాసు కాదర్రా, పెద్దల సభ. వాళ్ళు సరేననకపోతే మీ పట్టా గోడకి అలంకారమే," అన్నారు.

పొద్దున మామయ్య అన్నది ఈ సెషనన్నమాట! నవ్వుతున్న ముఖాలన్నిటినీ తెరలోనే వదిలేసి పరిగెత్తింది. సిగ్నలు దగ్గర ఆగలేక అక్కడక్కడే తిరిగింది. తనని తానే తిట్టిపోసుకుంది. ఏడాది గంగలో కలిసినట్టే. పిలిచినా రాని మనిషిని ఎవరు సమ్మతిస్తారు?

చర్చి పక్కగది తలుపు ఓరగా వేసి ఉంది. పెద్దలంతా తలలు వంచుకుని ఉన్నారు. ముగింపు ప్రార్థన నడుస్తోంది. ఆమేన్ అన్నారంటే సభ ముగిసినట్టే, ఇక ఎవరేమన్నా చెల్లదు.

ప్రార్థిస్తున్నది టూకీ పెద్ద.

"...అలాగే ప్రభువా, మా గంట కొట్టే ఆయన మోకాళ్ళ కోసం. కుడి మోకాలు, ఎడమ మోకాలు కూడా. కారుతున్న పైకప్పు కోసం. మొన్న బాగుచేయించిన కుళాయి కోసం, అది మళ్ళీ పాడవకుండా..." గొంతు బొంగురుపోయింది. చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. పాస్టరుగారు దగ్గారు. ఎవరో ఉస్సురన్నారు. ఆయన మాత్రం ఆపలేదు.

తలుపు కిర్రుమంది. ఆయన ఒక కన్ను తెరిచారు. గుమ్మంలో కోడలు రొప్పుతూ నిలబడి ఉంది, రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులతో.

ఆయన మళ్ళీ కన్ను మూసుకున్నారు. "ప్రభువా, మా అమ్మాయి వచ్చింది. ఇక నీకు తెలుసు."

ఆమేన్ మాత్రం అనలేదు. పక్కనున్న కుర్చీ లాగి, "కూర్చో అమ్మా," అన్నారు. "సెషన్ ఇంకా అవలేదు."