భోజనానంతరం

ఆ ఉదయం ఆకాశం కురుస్తానని బెదిరిస్తూ, కురవకుండా ఆడిస్తోంది. తీగ మీద బట్టలు తీయడం, మళ్లీ ఆరేయడం. నల్లకోటు విప్పేసి జీవితచరిత్రలు రాయడం మొదలుపెట్టాక, నాకు బోలెడు ఖాళీ ఉంటుందని ఇంట్లోవాళ్లు తేల్చేశారు. అప్పీలు లేని తీర్పు.

రాస్తున్నది పాతకాలపు సేనాని కథ. ఆఖరి అధ్యాయం సాయంత్రానికి అచ్చుకు వెళ్లాలి. అందులో వచ్చే కోట ముట్టడి గురించి ఇదివరకు రాసినవాళ్లంతా ఒకటే పాట: ‘భోజనానంతరం సేనాని వ్యూహం రచించాడు.’ వకీలు బుద్ధి ఊరుకోదు కదా. తలుపులు మూసేసిన కోటలో అంతమందికి వండిందెవరు? ఎవరూ చెప్పలేదు. వండి వడ్డించిన ఆడవాళ్లంతా ‘భోజనానంతరం’ అన్న ఒక్క మాటలో ఇరుక్కుని కూర్చున్నారు. వాళ్లను బయటికి తేవాలని కలం తీశాను.

"వంటేమిటివాళ?" అన్నారు మా ఆయన. సెలవురోజు కనుక ఒక్కరే చదరంగం ఆడుకుంటున్నారు.

ఈ ఇంట్లో కూర బాగుంటే ఎవరూ నోరెత్తరు. ఉప్పు తగ్గితేనే మాట. పెళ్లైన కొత్తలో ఎలా ఉందని అడిగితే, "మాట్లాడకుండా తింటున్నానంటే బాగున్నట్టే" అన్నారు. మళ్లీ అడగలేదు.

వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. కోర్టు అలవాటు, కూర్చుని ప్రశ్న వేయలేను.

"వంట కష్టమా అండీ?"

"కష్టమేముంది? ఇట్టే అయిపోతుంది."

"ఎవరైనా చేయొచ్చా?"

"ఓ, ఎవరైనా!"

"మీరు?"

గుర్రం పావు చేతిలోనే ఆగిపోయింది. గుమ్మంలో అత్తయ్య పగలబడి నవ్వింది.

"అడ్డంగా దొరికావురా! మీ నాన్నని ఇలా అడగాలని నాకు తోచనే లేదు."

"అమ్మా, నువ్వెవరి వైపు?"

"ఆకలేసినవాళ్ల వైపు. లే, లే!"

నేను గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. వంటింట్లో గిన్నె పడింది. "ఉప్పెక్కడ?" అని కేక. "నీ ముక్కు కిందే!" అని అత్తయ్య. ‘ఆనాడు కోటలో అందరికంటే ముందు పొయ్యి లేచింది’ అని మొదలుపెట్టాను. ఆ తర్వాత కలం ఆగలేదు.

అధ్యాయం ముగించి బయటికొచ్చేసరికి ఆయన వడ్డించి కూర్చున్నారు. ముద్ద నోట్లో పెట్టుకున్నాం. ఆయన తినకుండా నా మొహం, అత్తయ్య మొహం మార్చి మార్చి చూస్తున్నారు. అత్తయ్య వైపు చూస్తే నవ్వొచ్చేస్తుందని కంచంలోంచి తలెత్తలేదు. మౌనమంటే మెప్పని నాకు నేర్పింది ఆయనే. మారు వడ్డించుకుని, మాట్లాడకుండా తిన్నాను.