ఈనని పెయ్య పాలు

ఏడాదైనా నిండని పెయ్యదూడ పాలిస్తోందంటే ఊళ్ళో మొదట ఎవరూ నమ్మలేదు. చెప్పింది కోటేశ్వరమ్మ కాబట్టి అసలే నమ్మలేదు. తన చేలో మిరపకాయ పండినా చీమకుర్తి దాకా వినపడేలా చెప్పే మనిషి ఆవిడ. కానీ వెళ్ళి చూసినవాళ్ళ నోళ్ళు మూతబడ్డాయి. తెల్లటి ఒంగోలు పెయ్యకి పొదుగు బత్తాయికాయంత ఉబ్బి ఉంది. చన్ను పట్టి లాగితే పల్చటి పాలు కారాయి.

ఊరికది వింత. కోటేశ్వరమ్మకి మాత్రం దేవుడి జవాబు. కోడలు శ్రీదుర్గ కాపురానికొచ్చి ఐదేళ్ళు దాటినా కడుపు పండలేదు.

"ఈనకుండానే పాలిచ్చే తల్లి మనింటికొచ్చిందే దుర్గా! ఇంక నీ కడుపు పండకుండా ఎక్కడికి పోతుంది?" అంది కోడలి చెంపలు పట్టుకుని. శ్రీదుర్గ ఏడ్చేసింది. అత్తగారు తనతో అంత ప్రేమగా మాట్లాడటం అదే మొదలు.

ఆ ఏడు పత్తిని నమ్ముకోలేక వాళ్ళు మొక్కజొన్న వేశారు. కండెలు విరిచి కళ్ళంలో పోశారో లేదో తుఫాను పట్టుకుంది. పట్టాల కింద ఉక్కపోసి గింజల మొనలకి లేత గులాబీరంగు బూజెక్కింది. కోళ్ళ దాణావాళ్ళు చూసి వద్దు పొమ్మన్నారు. పారబొయ్యడానికి చేతులు రాలేదు కోటేశ్వరమ్మకి. గింజలు కడిగి, మిరపకాయలు ఆరబోసే చోటే ఎండబెట్టి, పెయ్యకి దాణా పట్టించింది. అంత ఎండకి పోని బూజుంటుందా అని ఆవిడ ధీమా. తీరా పెయ్యకి పాలొచ్చాక, ఇదంతా ఆ గింజల మహిమేనేమో అని కూడా ఆవిడే అంది. ఆ మాట అక్షరాలా నిజం కావడం ఆవిడ ఖర్మ.

ఇంకేముంది, పెయ్య నుదుట పసుపు కుంకుమ, మెళ్ళో బంతిపూల దండ. గ్రానైట్ లారీల డ్రైవర్లు సైతం బండ్లాపి దండం పెట్టుకుని పోయేవాళ్ళు. పిల్లల్లేని ఆడవాళ్ళు కొంగు పట్టి నిలబడితే, కోటేశ్వరమ్మ చేటలో గింజలు పోసి పెయ్య మూతికి తాకించి వాళ్ళ ఒడి నింపేది. రవ్వ పట్టించుకుని రోజూ సంగటి చేసుకు తినమనేది. అందరికన్నా ముందు ఆ సంగటి తిన్నది శ్రీదుర్గే. పొద్దున్నే అత్తగారు ఎదురుగా కూర్చుని ముద్ద ముద్దా తినిపించేది.

శ్రీదుర్గకి నెల తప్పింది. రొమ్ములు సలుపుతున్నాయంది, వేవిళ్ళలా ఉందంది. కోటేశ్వరమ్మ కాళ్ళు నేల మీద నిలవలేదు. డాక్టరుకి చూపిద్దామని కొడుకంటే, "పెయ్య చెప్పాక ఇంక డాక్టరెందుకురా?" అని వాడి నోరు మూయించి వీధంతా పంచదార పంచింది. ఆ రోజే కనిగిరి అవతల నించి నాగజ్యోతి అనే అమ్మాయి వచ్చింది. శ్రీదుర్గ ఈడుదే, ఎండకి వాడిపోయిన మొహం. కోటేశ్వరమ్మకి మనసు కరిగి కొంగు చిరిగేంత పోసింది.

ఆ తరవాత కొన్నాళ్ళకి పెయ్య నడుం వంచి ముక్కడం మొదలుపెట్టింది. తెల్లారేసరికి వెనక నుంచి లోపలి భాగం బయటికి జారి వేలాడుతోంది. పశువుల డాక్టరు సుభానీ వచ్చి, కడిగి లోపలికి నెట్టి కుట్లు వేశాడు. చేతులు కడుక్కుంటూ దాణా ఏమిటని అడిగాడు. బస్తాలోంచి గింజలు తీసి చూడగానే అతని మొహం మారిపోయింది.

"ఈ బూజులో ఒక విషం పుడుతుందమ్మా. అది ఆడ పశువు ఒంట్లో హార్మోనులాగా పనిచేస్తుంది. చూలు లేకుండానే ఒళ్ళు చూలనుకుంటుంది. మీ పెయ్యకి పాలొచ్చింది అందుకే."

కోటేశ్వరమ్మ కోడలి వైపు చూసింది. "మనుషులు తింటేనో బాబూ?"

"మనుషుల సంగతి నేను చెప్పలేను. ఎవరు తిన్నారమ్మా?"

మర్నాడే కోటేశ్వరమ్మ కోడల్ని ఒంగోలు తీసుకెళ్ళింది. స్కానింగులో కడుపులో ఏమీ లేదన్నారు. నెల తప్పడానికి సవాలక్ష కారణాలుంటాయి, ఆ గింజలవల్లే అని చెప్పలేం, కాదనీ చెప్పలేం, ముందు తినడం మానెయ్యమంది డాక్టరమ్మ. బస్సులో శ్రీదుర్గ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తిట్టినా బాగుండుననిపించింది కోటేశ్వరమ్మకి. వాళ్ళు ఇల్లు చేరేసరికి పెయ్య చచ్చిపోయింది. కోటేశ్వరమ్మ గింజల బస్తాలన్నీ గోతిలో పోసి సున్నం చల్లి కప్పించింది.

గొయ్యి మీద మట్టి ఇంకా ఆరకముందే నాగజ్యోతి మళ్ళీ వచ్చింది. చేతిలో జాకెట్టుగుడ్డ, పూలూ పళ్ళూ. మొహం కళకళలాడుతోంది.

"నెల తప్పిందమ్మా! తల్లికి దండం పెట్టుకుని పోదామని వచ్చాను. పెయ్యేదమ్మా?"

కోటేశ్వరమ్మ చూపు గొయ్యి మీదికి పోయింది. శ్రీదుర్గే వచ్చి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆ గింజలు ఇంకా ఉన్నాయా? పారబొయ్యి. అవి మంచివి కావు. పెయ్య చచ్చిపోయింది. నాకూ నీలాగే నెల తప్పింది, స్కానింగు తీస్తే ఏమీ లేదన్నారు. రేపే వెళ్ళి నువ్వూ చూపించుకో."

నాగజ్యోతి చెయ్యి విదిలించుకుంది. కొంగు లాగి పొట్ట మీదికి కప్పుకుంది.

"నీకు నిలవలేదని నాకూ నిలవకూడదా? ఇంత ఏడుపా?"

"అది ఏడుపు కాదమ్మా, నా మాట విను. తప్పు నాది, బూజు పట్టిన గింజలు పోశాను!" అని అరిచింది కోటేశ్వరమ్మ.

"ఆ రోజు మహిమన్నారు, ఈ రోజు బూజంటారా? అత్తా కోడలూ కలిసి నా కడుపు మీద నిప్పులు పొయ్యకండి. నేను రోజూ తింటున్నాను, తింటాను."

తెచ్చిన పూలు కూడా అరుగు మీద పెట్టకుండా గబగబా రోడ్డెక్కింది. కోటేశ్వరమ్మ వెనకాలే పరిగెత్తింది. బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని బతిమాలింది. నాగజ్యోతి తల తిప్పలేదు.

తిరిగొచ్చేసరికి శ్రీదుర్గ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆవిడది ఏ ఊరు అత్తయ్యా? మనం వెళ్ళి వాళ్ళాయనకి చెబుదాం."

కోటేశ్వరమ్మ అరుగు మీద కూలబడింది. కనిగిరి అవతల అని తప్ప ఆ పిల్ల గురించి తనకేమీ తెలియదు. ఒడి నింపిన వాళ్ళలో ఏ ఒక్కరినీ ఊరు అడగలేదు.