తుడిచిన చెంప

ప్రెస్సు గుమ్మం దాటుతూనే బొమ్మలావిడ కారాలు మిరియాలు నూరుతోంది. చేతిలో పొద్దున ఇంటికొచ్చిన ప్రూఫు కాగితాలు. ఏడాది పాటు కళ్లు చిట్లించుకుని తను బొమ్మలు వేసిన పిల్లల పుస్తకం అది. కథలో పాపకి ఎడమ చెంప మీద ముదురు ఎర్రటి పుట్టుమచ్చ ఉంటుంది. ఆ పాప దాన్ని దాచుకోదు, అదే కథ. ప్రూఫులో మాత్రం చెంప కడిగిన పళ్లెంలా ఉంది. కింద అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు: ‘ఇది నా మచ్చ. నాతో పుట్టింది, నాతోనే ఉంటుంది.’ ఏదీ మచ్చ? ఎక్కడుంది?

“ఎవరు చేశారీ నిర్వాకం?”

కంప్యూటరు ముందున్న ఆపరేటరు కళ్లజోడు సర్దుకున్నాడు. స్కాన్ చేసిన బొమ్మల్లో దుమ్ము చుక్కలూ మరకలూ తుడిచెయ్యడం ఆయన పని.

“మరకనుకున్నానండీ. ఎవరో రంగు చేత్తో కాగితాలు ముట్టుకున్నారనుకుని, అలవాటు కొద్దీ తుడుచుకుంటూ పోయాను. బొమ్మలే చూస్తాను గానీ అక్షరాలు చదవను. తరవాత అది మచ్చని తెలిసి నాలిక్కరుచుకుని మేడమ్‌కి చూపించాను.”

“ఏమంది?”

“చాలా బాగుంది, అలాగే ఉంచెయ్యండి అని నవ్వారు. వాళ్లమ్మాయి కూడా పక్కనే ఉంది.”

బొమ్మలావిడకి ఒళ్లు భగ్గుమంది. మేడమ్ అంటే ఈ పుస్తకాలు అచ్చు వేయించే ఆవిడ, పైగా సొంత వదిన. ప్రతి పిల్లా అందమే, ప్రతి పిల్లాడూ ప్రత్యేకమే అని మైకు దొరికితే వదలదు. బొద్దు పిల్ల మీద పుస్తకం వేసింది, చక్రాల కుర్చీ పిల్లాడి మీద వేసింది, చప్పట్లు కొట్టించుకుంది. ఈసారి పుస్తకంలో ఉన్నది ఆవిడ కడుపున పుట్టిన గువ్వ. నాలుగో తరగతి చదివే గువ్వ ఎడమ చెంప మీద అచ్చం అలాంటి మచ్చే ఉంది. రోజూ పొద్దున్నే దాని మీద వాళ్లమ్మ పౌడరు పాముతుంది. ఈ సాయంత్రం అచ్చు మిషను తిరిగిందంటే ఇక పుస్తకంలోనూ ఆ పిల్లకి మచ్చ లేనట్టే.

అంతలో వదిన రానే వచ్చింది, స్కూలు సంచీతో గువ్వని వెంటేసుకుని.

“మచ్చ తిరిగి పెట్టించు,” అంది బొమ్మలావిడ, పలకరింపు కూడా లేకుండా.

“పెట్టించను. రేపు స్కూల్లో అందరూ పుస్తకం పట్టుకుని ఇది నువ్వే కదా అని వేలు పెట్టి చూపిస్తారు. నీకది బొమ్మ. దానికి బతుకు.”

“చక్రాల కుర్చీ పిల్లాడికి బతుకు లేదా? పరాయి పిల్లలైతే ఉన్నదున్నట్టు అందం, నీ కూతురైతే తుడుపుగుడ్డా?”

“పిల్లల్ని కననిదానివి, నీకేం తెలుసులే.”

ఆ మాట చెంప ఛెళ్లుమనిపించినట్టు తగిలింది. బొమ్మలావిడ తక్కువ తినలేదు. “కన్నదానివి, పౌడరు పామడం తప్ప ఏం చేశావు వదినా? నీ కూతుర్ని చూసి నువ్వే సిగ్గుపడుతున్నావు. స్టేజీ ఎక్కి ఊళ్లోవాళ్లకి మాత్రం నీతులు!”

వదిన మొహం జేవురించింది. ఆపరేటరు ఏమీ విననట్టు కీబోర్డు తుడుచుకుంటున్నాడు.

“నువ్వూ నేనూ ఎందుకు? దాన్నే అడుగుదాం.” బొమ్మలావిడ తన అసలు బొమ్మనీ, ప్రూఫునీ బల్ల మీద పక్కపక్కన పరిచింది. జవాబు తనవైపే వస్తుందని గట్టి నమ్మకం. “గువ్వా, ఇలా రా. ఇందులో నువ్వెవరో చెప్పు. భయపడకు, అత్త ఉందిగా.”

గువ్వ రెండూ చూసింది. చాలాసేపు చూసి, మచ్చ లేని చెంప మీద వేలు పెట్టింది.

“చూశావా!” అంది వదిన, గెలిచినట్టు.

“అది నేను కాదమ్మా. దాన్ని చూసి నువ్వు నవ్వావు కదా, అందుకు చూపించాను.”

బొమ్మలావిడ వదులుతుందా? “విన్నావా? మరి ఇది నువ్వే కదూ, బంగారం?” అని తన బొమ్మ ముందుకి జరిపింది.

“అదీ కాదు,” అంది గువ్వ. “అమ్మ ఫోటో తీస్తే ఇటు తిరగమంటుంది. నువ్వు బొమ్మ వేస్తే అటు తిరగమంటావు. ఇద్దరూ నన్ను తిప్పుతూనే ఉంటారు.”

“నువ్వే నూరిపోశావు దీనికి!” అని వదిన ఒంటికాలి మీద లేచింది. “నేనా? నీ పౌడరు డబ్బాని అడుగు!” అని బొమ్మలావిడ గొంతు పెంచింది. పాత సంగతులన్నీ తవ్వుకున్నారు. పెళ్లినాటి అలకలు కూడా వచ్చేశాయి.

“అమ్మాయి బయటికెళ్లిపోయిందండీ,” అన్నాడు ఆపరేటరు.

ఇద్దరూ పడుతూ లేస్తూ పరుగెత్తారు. గువ్వ గేటు పక్క మెట్టు మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వదిన చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. “నాన్న వచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలను.”

బొమ్మలావిడ ఎదురుగా గొంతుక్కూర్చుంది. “పోనీ, నీకెలా కావాలో చెప్పు తల్లీ. అలాగే వేస్తాను.”

“ఇంకెప్పుడూ నా బొమ్మ వెయ్యకత్తా.”