పైకెక్కే నీళ్ళు

హాలు తుడవడం అయిపోయి గుడ్డ పిండుతుంటే, చేపల తొట్టి కింద మళ్ళీ తడి కనిపించింది. అలమర తలుపు తీసి చెయ్యి పెట్టి చూశాను. పంపు నుంచి పైకి వెళ్ళే పైపు అతుకు దగ్గర చెమట పట్టినట్టు నీళ్ళు.

తొట్టి మా ఆయనది. అంటే కొన్నదీ, వచ్చినవాళ్ళకు చూపించేదీ ఆయన. పైన చేపలుంటాయి. కింద అలమరలో ఇంకో చిన్న తొట్టి ఉంటుంది. పై నీళ్ళు గొట్టంలోంచి కిందికి దిగి, అక్కడి స్పాంజీల్లో మురికి వదిలి, పంపుతో మళ్ళీ పైకి ఎక్కుతాయి. ఆ స్పాంజీలు కడిగేది, ఆవిరైన నీళ్ళకు బదులు బకెట్లతో మోసి నింపేది, గాజు మీద పాచి గీకేది నేను. ఆదివారం ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని "ఎంత ప్రశాంతంగా ఉందో కదా!" అంటారు. ఆ ప్రశాంతత ఖరీదు నా నడుముకు తెలుసు.

మొదట్లో పనికో పంపు ఉండేది. పై తొట్టికి ఒకటి, వడపోత డబ్బాకు ఒకటి, చేపపిల్లల తొట్టికి ఒకటి. ఆ మోత భరించలేక ఆయన ఒకే పెద్ద పంపు తెచ్చి, దాని పైపును మూడు కొమ్మలుగా చీల్చి, కొమ్మకో వాల్వు పెట్టాలనుకున్నారు. బిగించేటప్పుడు టార్చి పట్టుకున్నదీ, పైపు పట్టుకున్నదీ నేను. "ముందు గమ్ వెయ్యకుండా పేర్చి చూద్దామండీ, ఈ ముక్క పొట్టిగా ఉంది" అన్నాను. "నువ్వు పట్టుకో చాలు" అన్నారు. పొట్టి ముక్కను లాగి, వంచి, అతికించేశారు. తరవాత స్నేహితులు భోజనానికి వచ్చినప్పుడు ఆ అతుకు నుంచి నీళ్ళు చిమ్మి ఒకాయన చొక్కా తడిసింది. "పట్టుకోమంటే సరిగ్గా పట్టుకోలేదు మా ఆవిడ" అన్నారు నవ్వుతూ. అందరూ నవ్వారు. వాళ్ళతో కలిసి నేనూ నవ్వాను. ఆ నవ్వు చాలా రోజులు గొంతులో ముల్లులా ఉండిపోయింది.

నేను పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. వెంట్రుకవాసి తేడా వచ్చినా మనిషికి తలనొప్పి వస్తుంది. అయినా "మీరు లోపలే ఉండండమ్మా, కస్టమర్లకు మగవాళ్ళు చెబితే నమ్మకం" అంటాడు మేనేజరు. ఇంట్లో పైపు పట్టుకోవడం, అక్కడ లోపల కూర్చోవడం. రెంటికీ పెద్ద తేడా లేదు.

ఇవాళ అలమరలో ఆ తడి చూసి లేచేలోపే టప్పుమని అతుకు ఊడింది. నీళ్ళు అలమరంతా చిమ్మాయి. పరుగెత్తి స్విచ్చి ఆపి ఆయనకు ఫోన్ చేశాను. ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉన్నారు.

"ఏమీ ముట్టుకోకు. నేనొచ్చాక చూస్తా."

"మీరొచ్చేది ఎల్లుండి. నీళ్ళు తిరక్కపోతే చేపలు బతకవండీ."

"పోతే పోనీ, కొత్తవి తెచ్చుకుందాం. నువ్వు కెలికి ఇంకా పాడుచెయ్యకు."

పోతే పోనీ. అప్పటికే చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. నేను దగ్గరికి వెళ్తే గాజుకు మూతి ఆనించే ముసలి చేప కూడా వాటిలో ఉంది. దుకాణానికి ఫోన్ చేసి ఇవాళ రానని చెప్పాను.

వెనక గదిలోంచి మా అత్తయ్య, ఆయన తల్లి, మగ్గు పట్టుకుని వచ్చారు. స్టూలు జరుపుకుని కూర్చుని, తొట్టిలో నీళ్ళు ముంచి ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోకే పొయ్యడం మొదలుపెట్టారు. "కదిలితే గాలి అందుతుంది వాటికి. నువ్వు వెళ్ళి కావలసినవి తెచ్చుకో."

పైపుల కొట్టాయన నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. "సార్ రాలేదా? సైజులు తెలుసా మీకు?" సంచిలోంచి ఊడిన ముక్క తీసి బల్ల మీద పెట్టాను.

ఇంటికొచ్చి పాత గొట్టాలన్నీ కోసి పారేశాను. ఈసారి కొలిచాకే కోశాను. కోసిన అంచులు అద్దం అంచుల్లా నున్నగా అరగదీశాను. గమ్ లేకుండా మొత్తం పేర్చి, ఏ ముక్క ఏ దిక్కుకు తిరగాలో పెన్సిలుతో గీతలు పెట్టాను. ఆ తరవాతే గమ్ రాసి, కొద్దిగా తిప్పి నొక్కి, కదలకుండా పట్టుకున్నాను. పంపు దగ్గర విప్పుకోవడానికి వీలుగా మర తిప్పి బిగించే జాయింటు పెట్టాను. లోపల ఇరుకు, గమ్ ఘాటు, మోకాళ్ళ కింద తడి. అయినా ఎన్నాళ్ళుగానో లేని నెమ్మది. నా చేతులు నావేనని అప్పుడు తెలిసింది.

గమ్ ఆరేదాకా అత్తయ్య, నేను వంతులు వేసుకుని నీళ్ళు పోశాం. ఆవిడ చేతులు మార్చుకుంటూ పోశారు గానీ మగ్గు వదల్లేదు. సాయంత్రం స్విచ్చి వేశాను. పైపు ఒకసారి గుటక వేసినట్టు చప్పుడు చేసింది. నీళ్ళు పైకెక్కాయి. అతుకుల చుట్టూ వేలు తిప్పి చూశాను. పొడిగా ఉంది. ముసలి చేప ఈదుకుంటూ అడుగుకు దిగింది.

ఆయన వచ్చి చూసి "పర్లేదే" అన్నారు, అంతే. తరవాత ఆయన సహోద్యోగి ఒకతను తన భార్యను తీసుకుని మా ఇంటికొచ్చాడు. మా ఆయన వాళ్ళకు అలమర తలుపు బార్లా తెరిచి "మొత్తం మార్చేశాను" అన్నారు.

"మా ఇంట్లోనూ ఇలాగే కట్టి ఇవ్వాలి మీరు. ఎప్పుడొస్తారు?" అని అడిగింది ఆవిడ.

"ఆదివారం వస్తాం. ఈవిడ టార్చి పట్టుకుంటుంది" అన్నారు ఆయన.

"కట్టింది నేనండీ" అన్నాను ఆవిడతో. గొంతు నేననుకున్నంత గట్టిగా రాలేదు. అయినా అందరికీ వినిపించింది.

వాళ్ళు వెళ్ళగానే ఆయన విరుచుకుపడ్డారు. "పరాయివాళ్ళ ముందు నా పరువు తియ్యాలా? ఒక్క మాట మింగితే నీ సొమ్మేం పోయింది?"

అత్తయ్య తొట్టి వైపు నుంచి తల తిప్పలేదు. "మీ నాన్న ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో ఫ్యూజులు వేసింది నేనురా. కుళాయిలు, ఫ్యానూ, నీ సైకిలూ బాగుచేసింది కూడా నేనే. నాన్న చేశారని నీకు చెప్పేదాన్ని. నువ్వూ అలాగే నమ్మావు."

ఆయన వెళ్ళి తెరిచి ఉన్న అలమర తలుపు మూశారు.

నేను ఫోన్ తీసుకుని ఆ సహోద్యోగి భార్యకు చేశాను. "ఆదివారం వస్తున్నానండీ," అన్నాను, "ఒక్కదాన్నే."