మూడో మలుపులో పదును

ట్యాంకరు రెండో మలుపు దాటుతుండగా బాబాయి కుడిచేత్తో స్టీరింగు పట్టుకుని, ఎడమచేత్తో నీళ్ళ వాల్వును సగానికి తగ్గించాడు. ఇక్కడ ఎక్కువ పోస్తే పైపైనే బురదవుతుంది, తక్కువ పోస్తే పదింటికల్లా దుమ్ము లేస్తుంది. ఈ మట్టి రేసు ట్రాక్ చుట్టూ నాలుగు మలుపులు, నాలుగింటికీ నాలుగు రకాల దాహం. ఇరవై ఎనిమిదేళ్ళుగా వాటికి నీళ్ళు తాపుతున్న మనిషికి ఏది ఎంత తాగుతుందో తన కడుపు సంగతి కంటే బాగా తెలుసు.

ట్యాంకరు ఆపి, చెప్పులు విప్పి, ట్రాక్ అంతా ఒక చుట్టు నడిచాడు. పది అడుగులకోసారి మడమతో నొక్కి చూశాడు. మడమ దిగాలి, గుంట అంచు విరక్కూడదు. అలా ఉంటే పదును కుదిరినట్టు. పదును అనేది ఆయన తండ్రి మాట. నేల దున్నేవాళ్ళు మట్టిలో సరిపడా తడి ఉంటే పదునుగా ఉందంటారు. తండ్రి పొలం పోయింది, మాట మిగిలింది. ఆ మాట ఈయన నోట రోజుకు నలభైసార్లు వినీ వినీ రేసర్లు పదును బాబాయి అని పేరు పెట్టేశారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, దాన్ని అక్కడే ఉండనిచ్చారు.

బైకు నడిపినవాళ్ళను జనం మెచ్చుకుంటారు. మెచ్చుకోనీ. కానీ రేసు బాగుంటుందా, చప్పగా ఉంటుందా అన్నది పొద్దున్నే మట్టిలో తేలిపోతుందని బాబాయి నమ్మకం. ట్రాక్ ఎండిపోతే చక్రానికి పట్టు దొరికే దారి ఒక్కటే మిగులుతుంది, అందరూ దాన్నే పట్టుకుని టిక్కెట్ల క్యూలో నిలబడ్డట్టు ఒకరి వెనక ఒకరు పోతారు. తడి ఎక్కువైతే జారి పడతారు. పదును కుదిరిన రోజు మాత్రం లోపలి అంచూ, నడుమా, బయటి వైపు పై అంచూ మూడు దారులూ పనికొస్తాయి. ముగ్గురు పక్కపక్కనే మలుపు తిరుగుతుంటే జనం లేచి నిలబడతారు. అలాంటప్పుడు బాబాయి షెడ్డు పక్కన చేతులు కట్టుకుని తనలో తాను నవ్వుకుంటాడు. ఎవరో పొగడాలని ఆయనకేమీ లేదు. అబద్ధమెందుకు, కాస్త ఉంది.

ఒక నియమం కూడా ఉంది. ట్రాక్ ఎక్కడ గట్టిగా ఉందో ఎక్కడ మెత్తగా ఉందో ఏ రేసరుకూ చెప్పడు. ఒకరికి చెబితే మిగతావాళ్ళకు అన్యాయం చేసినట్టేనంటాడు. మేనకోడలికీ ఇదే వర్తిస్తుంది. చెల్లెలు పోయాక తొమ్మిదేళ్ళ పిల్లను ఇంటికి తెచ్చుకుని పెంచాడు. ఆ పిల్ల ఆడుకున్నదీ ఈ ట్రాక్ మీదే, బైకు నేర్చుకున్నదీ ఇక్కడే.

ఎనిమిదింటికి ఆమె హెల్మెట్ చంకన పెట్టుకుని వచ్చింది.

"మావయ్యా, ఎలా ఉంది?"

"ఎండగా ఉంది."

"నేనడిగేది ట్రాక్ సంగతి."

"దాని మీదే ఎండ."

ఆమె నవ్వింది. రోజూ అడుగుతుంది, రోజూ ఇలాంటి జవాబే వస్తుంది. కానీ ఇవాళ అడిగాక వెంటనే కదల్లేదు. సాయంత్రం ఫైనల్లో గెలిచినవాళ్ళను పెద్ద జట్టులోకి తీసుకుంటారు. పాతికేళ్ళు నిండినవాళ్ళను ఆ జట్టు తీసుకోదు, ఆమెకు వచ్చే నెల పాతిక నిండుతాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తలేదు.

మధ్యాహ్నం మేనేజరు పిలిచాడు. ఆయన వచ్చి నాలుగు నెలలైంది. మర్యాదస్తుడే, చొక్కా నలగదు.

"నిన్న దుమ్మంతా అతిథుల మీద పడిందండీ. మూడో మలుపులో ఇంకో ట్యాంకరు పోయండి."

"అక్కడ కొత్తగా బంకమన్ను వేశాం సార్. తాగిన నీళ్ళు వదలదు."

"దుమ్ము లేవకుండా చూడండి, చాలు."

బాబాయి పోశాడు. పోస్తున్నంతసేపూ మనసొప్పలేదు, అయినా పోశాడు. అది తన తప్పేనని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. నాలుగున్నరకు వెళ్ళి మడమ పెడితే, పైన ఎండిన పొర చిట్లి కింద కాలు సర్రున జారింది. చూడ్డానికి మాత్రం శుభ్రంగా, గట్టిగా కనిపిస్తోంది. పై అంచున పాత మట్టి ఒక్కటే బాగుంది. నడుముకున్న వాకీటాకీ తీశాడు.

"సార్, మూడో మలుపులో పదును ఎక్కువైంది. ఒక గంట ఆపాలి."

స్టాండులోంచి మైకు గోలలో మేనేజరు గొంతు వినిపించింది. "పదును ఉంటేనే కదండీ జనానికి మజా. కానివ్వండి."

కానివ్వమన్నాడంటే ఆపడానికి ఒప్పుకున్నాడనుకున్నాడు బాబాయి. ఇనప పళ్ళ దంతె తోలి పై పొర విప్పితే గంటలో గాలి సోకి తడి లాగేస్తుంది. ట్రాక్టరుకు దంతె తగిలించడానికి షెడ్డుకు నడిచాడు. పిన్ను బిగిస్తుండగా ఇంజన్ల చప్పుడు లేచింది. పరిగెత్తుకొచ్చేసరికి మొదటి రేసు మూడో మలుపులో ఉంది. లోపలి అంచున పోతున్న ఒకతని వెనక చక్రం పక్కకు జారి, మనిషి ఒక చోటా బండి ఒక చోటా పడ్డారు. భుజం ఎముక విరిగింది. అంబులెన్సు తలుపు మూసేదాకా బాబాయి అక్కడే నిలబడ్డాడు.

"నేను ఆపమన్నాను కదా సార్," అన్నాడు మేనేజరు దగ్గరికెళ్ళి.

"మీరెక్కడన్నారు? ఆ మైకు గోలలో నాకు వినబడింది మలుపు పదునుగా ఉందన్నదొక్కటే. మలుపన్నాక పదునుగానే కదండీ ఉంటుంది."

ఒకరు చెప్పింది తడి, ఇంకొకరు విన్నది కత్తి. బాబాయికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పుడైనా ఒక గంట ఆపమన్నాడు. లైట్లు లేవు, గంటాగితే చీకటి పడుతుందన్నాడు మేనేజరు. రేసన్నాక పడతారనీ అన్నాడు.

ఫైనల్ ఇంకో పావుగంటలో. బాబాయి మూడో మలుపుకు వెళ్ళి వంగి, లోపలి అంచున మట్టి పెళ్ళగించి దోసిట్లోకి తీసుకున్నాడు. రేసర్లుండే షెడ్డు వైపు నడుస్తుంటే దారి పొడుగునా ఒకటే ఆలోచన. మేనకోడలి చెవిలో ఒక్క ముక్క వేస్తే చాలు. పైనుంచి పో అంటే చాలు. మిగతా ఏడుగురూ లోపల జారుతుంటే ఆమె పైనుంచి సునాయాసంగా దాటిపోతుంది. పడదు, గెలుస్తుంది కూడా. చెల్లెలు బతికుంటే ఆ మాటే చెప్పమనేది. ఆ కోరిక ఆయన్ను నిజంగానే పట్టుకుంది. షెడ్డు గుమ్మంలో ఆగి, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"అందరూ ఇలా రండి."

ఎనిమిదిమందీ తలలు తిప్పారు. బాబాయి పిలవడం వాళ్ళెప్పుడూ చూడలేదు.

"మూడో మలుపు లోపలంతా బురద. పైకి కనపడదు. ఎవరూ దిగొద్దు, పై అంచు పట్టుకోండి."

మట్టి ముద్దను దగ్గర్లో ఉన్న మేనకోడలి చేతిలో పెట్టాడు. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది. అందరూ పై అంచే పడితే దాటే దారుండదని తోచి ఆమె ముఖంలో రంగు తగ్గింది. ముద్దను పిడికిట్లో గట్టిగా పిసికి, బల్ల మీద పెట్టి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని హెల్మెట్ పెట్టుకుంది.

ఆ ట్రాక్ మీద అంత చప్పటి రేసు అంతకుముందు జరగలేదు. ఎనిమిది బైకులూ పై అంచు ఎక్కి, ఒకదాని వెనక ఒకటి, బడికి పోతున్న పిల్లల్లా పన్నెండు చుట్లూ తిరిగాయి. ఎవరూ ఎవర్నీ దాటలేదు. నాలుగో స్థానంలో మొదలైన మేనకోడలు నాలుగో స్థానంలోనే ముగించింది. జనం ఈలలేసి, సగంలోనే లేచిపోయారు. ఎవరూ పడలేదు. దాన్ని గమనించినవాడు బాబాయి ఒక్కడే.

మేనేజరు గొంతు పెంచలేదు. "రేసు పాడుచేశారండీ. రేపట్నించి వేరేవాళ్ళు చూసుకుంటారు."

"అలాగే సార్." బాబాయి ట్యాంకరు తాళం ఇచ్చాడు. "వచ్చేవాళ్ళు పదును ఎక్కువైందంటే తడి ఎక్కువని అర్థం. గుర్తుపెట్టుకోండి."

బయట మేనకోడలు బైకును వ్యాను ఎక్కిస్తోంది. బాబాయి చెయ్యి వేయబోతే వద్దని తనే నెట్టుకుంది. తలుపు మూశాక ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకొక్కదానికే చెప్పుంటే గెలిచేదాన్ని మావయ్యా."

"తెలుసమ్మా."

ఆమె వ్యాను స్టీరింగు ముందు కూర్చుంది, పక్కసీటు మీద హెల్మెట్ పెట్టింది. వ్యాను గేటు దాటింది. కాసేపాగి బాబాయి కూడా దాటాడు, నడుస్తూ.

రేసర్ల షెడ్డులో బల్ల మీద మట్టి ముద్ద అలాగే ఉంది, ఇంకా తడిగా, ఆమె నాలుగు వేళ్ళూ లోతుగా దిగిన గుర్తులతో.